లీప్ అన్నారు, క్రో హాప్ అన్నారు: మా పిచర్ కాలు అసలెక్కడ తప్పుతోంది?

చిత్తూరు పీఈటీ

అందరికీ నమస్కారం. మా స్కూల్ బాలికల సాఫ్ట్‌బాల్ జట్టు పిచర్ (బ్యాటర్‌కు బంతి వేసే అమ్మాయి) గురించి అడుగుతున్నాను. పదో తరగతి, కుడిచేతి వాటం, ఎత్తు 160 సెం.మీ. దాకా ఉంటుంది. విండ్‌మిల్ వేస్తుంది, అంటే చెయ్యి గుండ్రంగా ఒక చుట్టు తిప్పి కింది నుంచి బంతి వదులుతుంది. బంతి వేగం గంటకు 80 కి.మీ. దగ్గర పడుతోంది.

పోయిన వారం ఒక టోర్నీలో మొదటి రెండు ఇన్నింగ్స్ ఏ గొడవా లేకుండా గడిచాయి. మూడో ఇన్నింగ్స్‌లో వరసగా నాలుగు ఇల్లీగల్ పిచ్‌లు (నియమం తప్పిన బంతులు) ఇచ్చారు. కారణం అడిగితే ఒక అంపైర్ "రెండు కాళ్లూ గాల్లో ఉన్నాయి" అన్నారు, ఇంకొకరు "క్రో హాప్" అన్నారు. ఆ రెండూ ఒకటేనా? రెండు కాళ్లూ గాల్లోకి లేచే లీప్ ఇప్పుడు చెల్లుతుందని ఎక్కడో చదివాను, అదీ నిజమేనా? చెల్లకపోతే వేగం పోకుండా కాలు నేలమీదే ఉంచడం ఎలా నేర్పాలి? ఫోన్‌లో వీడియో తీసి చూశాను గానీ కాలి దగ్గర అంతా మసకే.

తిరుపతి అంపైర్

రెండూ ఒకటి కాదు సార్. ముందు ఆ తేడా తేలితేనే ఏం దిద్దాలో తెలుస్తుంది.

కుడిచేతి పిచర్‌కు కుడికాలు పివట్ కాలు, అంటే ఆనించి తన్నే కాలు. ఆ కాలితో పిచింగ్ ప్లేట్‌ను (పిచర్ నిలబడే పలకను) తన్ని ముందుకు పోతుంది, ఎడమకాలు ముందుకు చాస్తుంది. ఎడమకాలు నేలను తాకేలోపు కుడికాలు కూడా నేలను వదిలేసి, ఒక్క క్షణం రెండు పాదాలూ గాల్లో ఉంటే అది లీప్. ఇక్కడ తన్నింది ఒక్కసారే, అదీ ప్లేట్ మీద నుంచే.

క్రో హాప్‌లో కుడికాలు ప్లేట్‌ను వదిలి ముందుకొచ్చి మళ్లీ నేల మీద ఆనుతుంది. మోకాలు మళ్లీ వంగుతుంది. అక్కడి నుంచి రెండోసారి తన్ని బంతి వదులుతుంది. అంటే ప్లేట్ ఒకచోట ఉంటే పిచ్ మొదలయ్యేది మరోచోట. ఇది ఏ రూల్ పుస్తకంలోనూ చెల్లదు. మగవాళ్ల ఆటలోనూ చెల్లదు.

ఎందుకు చెల్లదో లెక్కవేసి చూడండి. ఆడవాళ్ల ఆటలో బ్యాటర్ దగ్గరుండే హోమ్ ప్లేట్ వెనక మొన నుంచి పిచింగ్ ప్లేట్ ముందు అంచు వరకు 13.11 మీటర్లు. మగవాళ్లకైతే 14.02. బంతి పిచింగ్ ప్లేట్‌కు 1.8 మీటర్లు ముందు చేతిని వదిలిందనుకుంటే మిగిలే దూరం 11.3 మీటర్లు. 80 కి.మీ. వేగం అంటే సెకనుకు 22 మీటర్ల పైచిలుకు, కాబట్టి బ్యాటర్‌కు దక్కేది సుమారు అర సెకను. లీప్ వల్ల బంతి ఇంకో 15 సెం.మీ. ముందు విడుదలైనా బ్యాటర్‌కు తగ్గేది సెకనులో వెయ్యింట ఏడు వంతులు. అదే క్రో హాప్‌లో కాలు 60 సెం.మీ. ముందుకు జరిపి నాటితే వెయ్యింట 27 వంతులు పోతాయి, పైగా రెండో తోపు వేగం అదనం. అందుకే నియమాలు రాసేవాళ్లు లీప్ విషయంలో మెత్తబడ్డారు గానీ క్రో హాప్ విషయంలో కాదు.

ఇక చెల్లుతుందా అన్న ప్రశ్న. మగవాళ్ల ఫాస్ట్‌పిచ్‌లో (బంతిని వేగంగా వేసే సాఫ్ట్‌బాల్‌లో) లీప్‌కు ఎప్పటినుంచో అనుమతి ఉంది. ఆడపిల్లల విషయంలో అమెరికా హైస్కూళ్ల రూల్ పుస్తకం 2024 సీజన్ నుంచి మారింది. బంతి వదిలేలోపు కాలు మళ్లీ నాటనంత వరకు రెండు పాదాలూ నేలను వదలొచ్చు అన్నారు. మీరు చదివింది బహుశా అదే. కానీ అది అక్కడి స్కూళ్లకు రాసుకున్న పుస్తకం, మీ టోర్నీకి వర్తించదు. మీ టోర్నీ ఏ పుస్తకం, ఏ సంవత్సరం ప్రతి మీద నడుస్తోందో మేనేజర్ల మీటింగ్‌లోనే అడిగి రాయించుకోండి. మన దగ్గర పాత జిరాక్స్ కాపీలే స్కూల్ నుంచి స్కూల్‌కు తిరుగుతుంటాయి. సగం గొడవలకు మూలం అదే.

గ్రౌండ్‌లో అడిగేటప్పుడు కూడా పద్ధతి ఉంది. "ఎందుకిచ్చారు?" అనకండి. టైమ్ తీసుకుని "సార్, కాలు గాల్లో ఉందనా, మళ్లీ నాటిందనా?" అని అడగండి. కాలు లేచిందా లేదా అన్నది అంపైర్ చూపుకు సంబంధించిన నిర్ణయం, దాని మీద ప్రొటెస్ట్ (జట్టు పెట్టే అభ్యంతరం) చెల్లదు. పుస్తకంలో అనుమతి ఉన్నదాన్ని తప్పని ఇస్తే అప్పుడు ప్రొటెస్ట్ చెల్లుతుంది, అదీ తర్వాతి పిచ్ పడకముందే చెప్పాలి.

తిరుపతి సాఫ్ట్‌బాల్ కోచ్

అంపైర్ గారు చెప్పినదాని మీద నేల దగ్గరి పరీక్ష ఒకటి చెప్తాను. వీడియో కంటే ముందు ఇది చేయండి, ఖర్చు గుప్పెడు ముగ్గుపిండి.

ప్లేట్ ముందు మన్ను సమంగా చదును చేసి కొంచెం నీళ్లు చల్లండి. దాని మీద ప్లేట్ వెడల్పంతా, అంటే 61 సెం.మీ., ముందుకు మీటరున్నర దాకా ముగ్గుపిండి పలచగా చల్లండి. పాపతో ఒక్క పిచ్, పూర్తి బలంతో వేయించండి. ఇప్పుడు గీత చదవండి.

ప్లేట్ అంచు నుంచి కొంచెం వంపు తిరుగుతూ తెగకుండా సన్నటి గీత ఉంటే అది డ్రాగ్. బొటనవేలి లోపలి అంచు రాసుకుంటూ పోయింది, ఏ పుస్తకంలోనైనా చెల్లుతుంది. ప్లేట్ దగ్గర గీత లేకుండా జానెడో రెండు జానలో ముగ్గు చెదరకుండా ఉండి, ఆ తర్వాత గీరినట్టు గీత మొదలైతే అది లీప్. ఖాళీ తర్వాత గీత బదులు మడమ వరకు బూటు అచ్చు, ముందు భాగం లోతుగా, దాని వెనక మన్ను చిమ్మినట్టు ఉంటే కాలు మళ్లీ నాటింది. అది క్రో హాప్. మన్ను ఎటు చిమ్మిందన్నదే అసలు సాక్ష్యం, ఎందుకంటే కాలు తన్నితేనే మన్ను వెనక్కి చిమ్ముతుంది, ఊరికే ఈడ్చితే పక్కలకు సర్దుకుంటుంది.

పది పిచ్‌లకు పదిసార్లు చదును చేసి చూడండి. ఆరో ఏడో డ్రాగ్ అయ్యి మిగతావి లీప్ అయితే అలుపు వల్లనో, గట్టిగా వేయాలన్న తొందర వల్లనో వస్తోంది. పదికి పదీ ఒకేలా ఉంటే పద్ధతిలోనే ఉంది.

ఇక వీడియో. మామూలుగా తీస్తే సెకనుకు 30 ఫ్రేములు. విండ్‌మిల్ చుట్టు మొత్తం అర సెకను లెక్కేసుకున్నా పదిహేను బొమ్మలే వస్తాయి, అందుకే మసక. స్లో మోషన్‌లో 240 పెట్టండి. ఎండ బాగా ఉన్నప్పుడు తీయండి, సాయంత్రం వెలుతురు చాలదు. కుడిచేతి పిచర్‌కు మూడో బేస్ వైపు నుంచి, ఐదారు మీటర్ల దూరంలో, ఫోన్ నడుము ఎత్తులో, పిచ్ దారికి అడ్డంగా పెట్టాలి. చేతిలో పట్టుకోవద్దు, ఇటుకల మీద ఆనించండి.

చెయ్యి తిరిగే దారిని గడియారం అనుకోండి. నెత్తి మీద 12, వెనక భుజం ఎత్తులో 9, తుంటి పక్కన 6. మూడు చోట్ల వీడియో ఆపండి. చెయ్యి 12లో ఉన్నప్పుడు కుడికాలు ఎక్కడుంది? ముందుకాలు నేలను తాకినప్పుడు చెయ్యి ఎక్కడుంది? బంతి వదిలినప్పుడు కుడికాలు ఏం చేస్తోంది? క్రో హాప్ అయితే ముందుకాలు దిగకముందే కుడి మడమ కిందికి దిగడం, నడుము రెండోసారి కుంగడం కనిపిస్తుంది. లీప్‌లో నడుము కుంగేది ప్లేట్ మీద ఒక్కసారే.

ముందుకాలు దిగే సమయానికి చెయ్యి 12కీ 9కీ మధ్య ఉండాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. మీ పాప పైకి ఎగురుతుంటే కాలు ఆలస్యంగా దిగుతుంది, అప్పటికే చెయ్యి 9 దాటిపోతుంది. బలమంతా ఆనడానికి ముందుకాలు నేలమీద లేదు కాబట్టి ఒంట్లో పుట్టిన ఊపు చేతికి చేరదు, చెయ్యి ఒక్కటే లాగాల్సి వస్తుంది. కాబట్టి లీప్ మానిపిస్తే స్పీడ్ పోతుందన్న భయం వద్దు. పైకి పోయే బలాన్ని ముందుకు మళ్లిస్తే వేగం పెరగడమే ఎక్కువసార్లు చూస్తాం. ముందుకు చదునుగా పోయే లీప్ వేరు, దానితో వేగం తగ్గదు. మీ సమస్య ఏదో గీతా వీడియో చెప్తాయి.

పైకి ఎగరడానికి కారణం సాధారణంగా మొదటి కుంగుబాటులో ఉంటుంది. తన్నే ముందు కుడి మోకాలు బూటు ముందు అంచును దాటి ముందుకు వాలాలి, పిక్క ఎముక నేలకు 45 డిగ్రీల దగ్గరికి రావాలి. పిక్క నిటారుగా ఉండగానే తన్నితే బలం పైకే పోతుంది, వేరే దారి లేదు. దీనికి తాడు అభ్యాసం బాగా పనిచేస్తుంది. పిచర్ నిలబడిన తల ఎత్తులోనే రెండు గడకర్రల మధ్య తాడు కట్టండి, ప్లేట్‌కు 60 సెం.మీ. ముందు. బంతి లేకుండా కుంగి, తన్ని, తాడు కింద నుంచి పోవాలి. తల తగిలితే పైకి తన్నినట్టే. పది సార్లు మూడు విడతలు, మధ్యలో విశ్రాంతి. సన్న నూలు తాడే కట్టండి, ఒక కొస వదులుగా ఉండాలి, తగిలితే ఊడిపోవాలి. చెయ్యి తిప్పడం ఈ అభ్యాసంలో వద్దు, తాడుకు చిక్కుతుంది.

డ్రాగ్ కోసం వరండాలో కడప బండల నేల ఉంటే చాలు. కుడి బూటు ముందు భాగం కింద పాత గుడ్డ మడతపెట్టి ఉంచి, సగం బలంతో స్ట్రైడ్ (ముందుకు చాచే అడుగు) వేయించండి. గుడ్డ కాలితోపాటే జరిగి రావాలి. గుడ్డ వెనకే ఉండిపోతే కాలు లేచింది. నేల తడిగా లేకుండా చూసుకోండి. ముందు అడుగు చిన్నదిగా మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. చివరికి స్ట్రైడ్ పొడవు ఆమె ఎత్తులో 80 నుంచి 100 శాతం, అంటే 160కి 130 నుంచి 160 సెం.మీ. ఉండాలి.

ఒక హెచ్చరిక. రెండు మూడు అడుగులు నడిచివచ్చి పిచ్ వేసే అభ్యాసం చాలా గ్రౌండ్లలో చేయిస్తారు. ఊపు అలవాటవుతుంది నిజమే, కానీ అందులో కుడికాలు నేలలో నాటి తన్నడమే నేర్చుకుంటారు. క్రో హాప్ అలవాటున్న పిచర్‌కు దాన్ని పూర్తిగా ఆపేయండి.

పీలేరు గ్రౌండ్స్

అందరూ పాప కాలు చూస్తున్నారు, నేను ప్లేట్ ముందున్న మన్ను చూడమంటాను. మొదటి రెండు ఇన్నింగ్స్‌లో ఒక్కటీ రాలేదు, మూడో ఇన్నింగ్స్‌లో వరసగా నాలుగు వచ్చాయి అన్నారు. పిచర్ పద్ధతి ఇరవై నిమిషాల్లో మారదు, గుంత మాత్రం ఇరవై నిమిషాల్లో పడుతుంది.

రెండు జట్ల పిచర్లు ఒకే ప్లేట్ ముందు తన్నుతారు. మన ఎర్రమన్ను గ్రౌండ్లలో పైన గరుసు వదులుగా ఉంటుంది, రెండు ఇన్నింగ్స్‌కే ప్లేట్ అంచున అరచెయ్యి లోతు గుంత పడటం మామూలే. పాదం గుంతలోంచి బయటికి రావాలంటే పైకి లేవాల్సిందే. లేదా గుంత అవతలి అంచుకు బూటు తగిలి ఆగుతుంది, దూరం నుంచి చూసేవాళ్లకు అది కాలు మళ్లీ నాటినట్టే ఉంటుంది. ఒక అంపైర్ లీప్ అనడం, ఇంకొకరు క్రో హాప్ అనడం ఇందువల్లే కావచ్చు.

ప్రతి ఇన్నింగ్స్ మధ్య గుంత పూడ్చాలి. వదులు మన్ను కాలితో నెట్టి పూడిస్తే రెండు పిచ్‌లకే లేచిపోతుంది. ముందు వదులు మన్ను తీసేయండి, గుంత అడుగు తడపండి, బంకమన్ను కలిపిన తడి మన్ను రెండు పొరలుగా వేసి ఒక్కో పొరను దిమ్మిసతో గట్టిగా కొట్టండి. పైన కొంచెం పొడిమన్ను చల్లితే బూటుకు అంటుకోదు. ఒక బకెట్ మన్ను, ఒక చెంబు నీళ్లు డగౌట్ (జట్టు కూర్చునే చోటు) పక్కన ముందే పెట్టుకుంటే ఒకటిన్నర నిమిషం పని. అంపైర్‌ను అడిగే చేయండి. అక్టోబరు, నవంబరు వానల్లో అయితే నీళ్లు వద్దు, పొడి రంపపు పొట్టు కలపండి.

ప్లేట్ కూడా చూడండి. నేలకు సమంగా ఉండాలి. మేకులు వదులై ముందు అంచు లేచిన ప్లేట్ మీద ఏ పిచర్ అయినా పైకే తన్నుతుంది.

చిత్తూరు పీఈటీ

ముగ్గు పరీక్ష ఇవాళ పొద్దున ఆరింటికి చేశాం. చదును నేల మీద పదికి ఏడు తెగని గీతలు. మూడింట్లో ప్లేట్ ముందు ఒక జానెడు ఖాళీ, తర్వాత గీత. బూటు అచ్చు ఒక్కదాంట్లోనూ లేదు, మన్ను వెనక్కి చిమ్మలేదు. అంటే క్రో హాప్ కాదు, అప్పుడప్పుడు లీప్. పీలేరు అన్న చెప్పిన గుంత విషయం నిజమేననిపిస్తోంది, ఆ రోజు మేం మన్ను ముట్టుకోలేదు.

ఇంకో రెండు సందేహాలు. ఎదుటి పిచర్‌కు ఇల్లీగల్ పిచ్ ఇచ్చినప్పుడు మా బ్యాటర్ కొట్టినా లెక్కలోకి వస్తుందా? పాప కుడి బూటు ముందు భాగం నెలకే చిరిగిపోతోంది, దానికేం చేయాలి?

తిరుపతి అంపైర్

అంపైర్ ఎడమచెయ్యి పిడికిలి బిగించి పక్కకు చాపితే అది ఆలస్యంగా ఆగే బంతి. ఆట అక్కడే ఆగదు. బ్యాటర్ కొట్టొచ్చు, కొట్టమనే చెప్పండి. కొట్టి మొదటి బేస్‌కు క్షేమంగా చేరి, బేస్‌ల మీదున్న రన్నర్లు అందరూ కనీసం ఒక్కో బేస్ ముందుకు జరిగితే ఇల్లీగల్ పిచ్ రద్దయి ఆ బంతికి జరిగినదే నిలుస్తుంది. అలా జరగకపోతే సాధారణంగా బ్యాటింగ్ జట్టు కోచ్‌కు ఎంపిక ఉంటుంది: ఆ బంతికి జరిగినదే తీసుకోవచ్చు, లేదా శిక్ష తీసుకోవచ్చు. శిక్ష అంటే బ్యాటర్ ఖాతాలో ఒక 'బాల్' (పిచర్ తప్పుగా వేసిన బంతి) లెక్కేస్తారు. రన్నర్లకు ఒక బేస్ ఇవ్వాలా వద్దా అన్నది పుస్తకాన్ని బట్టి మారుతుంది, ఇదీ మీటింగ్‌లో అడగాల్సిన ప్రశ్నే.

మీ పిచర్‌కు కుడికాలు కాక ఇంకో మూడు చోట్ల ఇల్లీగల్ రావచ్చు, చూసుకోండి. ముందుకాలు ప్లేట్ 61 సెం.మీ. వెడల్పు దాటి పక్కకు పడకూడదు. ముగ్గు చల్లినప్పుడు ప్లేట్ రెండు కొసల నుంచి ముందుకు రెండు గీతలు గీస్తే అదీ తెలిసిపోతుంది. చేతులు కలిపాక కదలకుండా ఆగాలి, కలిపీ కలపగానే తిప్పేయకూడదు. బంతి వదిలేటప్పుడు చెయ్యి తుంటి కంటే కింద ఉండాలి, మణికట్టు మోచేతి కంటే ఒంటికి దూరంగా పోకూడదు.

తిరుపతి సాఫ్ట్‌బాల్ కోచ్

ఏడు గీతలు తెగకుండా వచ్చాయంటే పాప పద్ధతి మంచిదే. ఆ మూడు ఎన్నో పిచ్‌లో రాసుకోండి. చివర్లోనే వస్తే అలుపు. అప్పుడు తాడు అభ్యాసం ప్రాక్టీస్ మొదట్లోనే చేయించండి, అలిసిన కాలికి నేర్పితే తప్పే నేర్చుకుంటుంది. భుజం ముందు భాగంలో నొప్పి అంటే ఆ రోజుకు పిచింగ్ ఆపేయండి. విండ్‌మిల్‌లో చెయ్యి 9 నుంచి 6కి దిగేటప్పుడు కండమీద భారం ఎక్కువ పడుతుంది, నొప్పి అక్కడే మొదలవుతుంది. చేతికింద బంతి కాబట్టి ఎన్నైనా వేయొచ్చు అన్న మాట తప్పు.

బూటు సంగతి. బొటనవేలి లోపలి అంచున చిరుగుతుంటే డ్రాగ్ సరిగ్గా ఉన్నట్టు. లేసుల మీద, అంటే పాదం పైభాగంలో అరుగుతుంటే పాదం మరీ తిరగబడుతోంది, తుంటి ఆలస్యమవుతోంది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర బొటనవేలి చుట్టూ మందపాటి తోలు ముక్క కుట్టించండి, అరికాలి అంచుకు కొంచెం పైనుంచి మొదలై రెండు వేళ్ల వెడల్పు. సైకిల్ ట్యూబు ముక్క మాత్రం వద్దు, రబ్బరు మన్నును పట్టేస్తుంది, గీత మధ్యలో కాలు ఆగుతుంది, మోకాలు మెలిపడుతుంది. తోలు జారుతుంది. కుట్లు లోపలికి దిగేలా వేయమనండి, పైకి ఉంటే మొదటి రోజే తెగిపోతాయి.